‘క్లీన్’ క్రీము వెనక గొలుసుకట్టు వ్యాపారం

ఒంటికి రాసుకునే క్రీములో ఏం కలిపారో తెలుసుకోవాలనుకోవడం న్యాయమైన కోరిక. ఆ కోరికను పట్టుకునే అమెరికాలో బ్యూటీకౌంటర్ అనే కంపెనీ ఎదిగింది. గ్రెగ్ రెన్‌ఫ్రూ అనే మహిళ స్థాపించిన ఈ సంస్థ 2013లో అమ్మకాలు మొదలుపెట్టి, సరుకును ప్రధానంగా ‘కన్సల్టెంట్ల’ చేత అమ్మించింది. కన్సల్టెంటుకు తాను అమ్మినదాని మీద కమీషన్ వస్తుంది, తాను చేర్పించినవాళ్లు అమ్మినదాని మీద కూడా వాటా వస్తుంది. మన దగ్గర దీన్నే చెయిన్ సిస్టమ్ అంటారు. 2021లో కార్లైల్ అనే పెట్టుబడి సంస్థ ఈ కంపెనీకి 100 కోట్ల డాలర్ల విలువ కట్టి మెజారిటీ వాటా కొన్నది.

ఇలాంటి సరుకు అమ్ముడుపోవాలంటే ముందు భయం పుట్టాలి. హానికర రసాయనాలు లేవని చెప్పుకునే ‘క్లీన్ బ్యూటీ’ ప్రచారంలో తరచూ వినిపించే మాట ఒకటుంది: సౌందర్య సాధనాల్లో యూరప్ 1,300కు పైగా పదార్థాలను నిషేధిస్తే, అమెరికా నిషేధించినవి పదీ పన్నెండేనట. అంకెల్లో పెద్ద తప్పులేదు. కానీ ఆ యూరప్ జాబితా తెరిచి చూస్తే అందులో స్ట్రిక్‌నిన్ అనే విషం ఉంటుంది, రేడియోధార్మిక పదార్థాలు ఉంటాయి. ముఖానికి రాసే క్రీములో స్ట్రిక్‌నిన్ కలిపేదెవరు? మరోపక్క, ఈ అమ్మకందారులు భూతంలా చూపించే మిథైల్ పారాబెన్‌ను అదే యూరప్ 0.4 శాతం దాకా అనుమతిస్తోంది. తడి ఉన్న క్రీములో బ్యాక్టీరియా, బూజు పెరగకుండా ఆపేది ఇలాంటి పదార్థాలే. ఇక ‘క్లీన్’ అన్న మాటకు అమెరికా చట్టంలో నిర్వచనమే లేదు. ఎవరి గీత వారిదే.

అక్కడి చట్టం బలహీనంగా ఉండేదన్నది మాత్రం నిజం. 1938 నాటి చట్టంతోనే దశాబ్దాలు నెట్టుకొచ్చారు. దాన్ని మార్చాలని బ్యూటీకౌంటర్ మహిళలు వాషింగ్టన్ దాకా వెళ్లి చట్టసభ సభ్యులను కలిశారు. 2022 డిసెంబరులో కొత్త చట్టం వచ్చింది కూడా. ఆ కృషిని కాదనలేం. నా అభ్యంతరమల్లా, ఆరోగ్యం గురించి చెప్పే మనిషికి ఆ మాట మీదే కమీషన్ ఉండటం. “అక్కా, పాపకు రాసే లోషన్ డబ్బా వెనక ఏముందో చదివావా?” అని అడిగేది చెల్లెలి వరస అమ్మాయి. చర్మవ్యాధుల వైద్యురాలు కాదు, రసాయనశాస్త్రం చదివిన మనిషీ కాదు. అయినా మనం నమ్ముతాం, ఎందుకంటే ఆమె మన మనిషి. గొలుసుకట్టు వ్యాపారానికి అసలు పెట్టుబడి ఆ నమ్మకమే. కాదంటే చుట్టరికం చెడుతుందేమోనని కొనేవాళ్లు ఎందరో.

పోనీ అమ్మే ఆ అమ్మాయికైనా మిగులుతుందా? అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది రకరకాల సరుకులమ్మే మల్టీలెవల్ మార్కెటింగ్ (గొలుసుకట్టు) కంపెనీల ఆదాయ ప్రకటనలు 70 పరిశీలించి, 2024 సెప్టెంబరులో నివేదిక ఇచ్చారు. ఆ లెక్కల ప్రకారం చేరినవాళ్లలో అత్యధికుల సంపాదన ఏడాదికి 1,000 డాలర్లు, లేదా అంతకంటే తక్కువ. అంటే నెలకు 84 డాలర్లు కూడా లేదు. శాంపిళ్లకూ పార్టీలకూ తిరుగుళ్లకూ అయ్యే ఖర్చులు చాలా ప్రకటనల్లో లెక్కకే రాలేదు. కనీసం 17 కంపెనీల్లో ఎక్కువమందికి ఒక్క డాలరు కూడా రాలేదు.

2024 ఏప్రిల్‌లో బ్యూటీకౌంటర్ మూతపడింది. వ్యవస్థాపకురాలు ఆస్తులు కొని, మరుసటి ఏడాది ‘కౌంటర్’ పేరుతో మళ్లీ తెరిచారు. మధ్యలో కన్సల్టెంట్ల కమీషన్లు ఆగిపోయాయి. ఏళ్ల తరబడి ఒక్కొక్కరినీ చేర్చి కట్టుకున్న ‘డౌన్‌లైన్’ ఎందుకూ కొరగాకుండా పోయింది. “నీ వ్యాపారానికి నువ్వే యజమానివి” అని ఈ రంగంలో అందరికీ చెప్పే మాట ఉంది చూశారూ, అది అబద్ధమని తేలడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. యజమాని అయితే పైవాడు తలుపేసినా తన దుకాణం తనకు మిగలాలి కదా.

అమెరికాలో ఉన్న మన తెలుగు గృహిణులకు ఇంకో ప్రమాదం ఉంది. హెచ్-4 వీసా మీద, పని అనుమతి లేకుండా ఉన్నవాళ్లు ఇలా కమీషన్ తీసుకుంటే అది అనుమతి లేని ఉపాధి కిందికి వచ్చి వీసాకే చిక్కు తేవచ్చు.

మన దేశంలో 2021 డిసెంబరు నాటి డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు కొత్తవాళ్లను చేర్చడం మీదే నడిచే పిరమిడ్ పథకాలను నిషేధించాయి. మరికొందరిని తీసుకొస్తే నువ్వు పెట్టిన డబ్బు తిరిగొస్తుందని చెప్పి సరుకు అంటగట్టడం కూడా కుదరదు. అలా ఎవరైనా అడిగితే డబ్బు కట్టకండి. ఇప్పటికే కట్టి ఉంటే రసీదులు, వాట్సాప్ సందేశాలు దాచిపెట్టి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.