రెండు రూపాయల బూట్లు

సికిందరాబాదులో మేడ్చల్ పోయే రైలు ఎక్కితే, మల్కాజిగిరీ సఫిల్‌గూడా దాటిన తరువాత అమ్ముగూడ అనే చిన్న స్టేషను వస్తుంది. దాని తరువాతి స్టేషను పేరు కావల్రీ బ్యారక్స్. ఆ పైన అల్వాలు, బొలారం, చిట్టచివర మేడ్చల్. ఈ రోజుల్లో ఆ దారి పొడుగునా ఇళ్ళూ, మేడలూ కనిపిస్తాయి. ఎనభై ఏళ్ళ కిందట మటుకు అక్కడ ఎక్కువగా కంటోన్మెంటువారి బారకాసులూ, రాళ్ళ గుట్టలూ, కంకర మైదానాలూ ఉండేవి. సిపాయిలు ఉన్నచోట సాయంకాలం పూట బంతి ఆట తప్పదు. ఆట ఉన్నచోట గీత అవతల నిలబడి చూసే కుర్రవాళ్ళూ తప్పరు.

ఆ అమ్ముగూడలో 1936 లో పుట్టిన పిల్లవాడు తులసీదాస్ బలరాం. ఇరవై ఏళ్ళు నిండేసరికి అతడు ఒలింపిక్ జట్టులో ఉన్నాడు. బలరాం వేసిన గోల్స్ గురించి చాలామంది రాశారు. నాకు మటుకు ఆ గోల్స్‌కు ముందు జరిగిన సంగతే ఆశ్చర్యంగా ఉంటుంది. ఇంట్లో డబ్బు లేదు, కాళ్ళకు బూట్లు లేవు, ఊరికి కోచ్ లేడు. అలాటి కుర్రవాడు ఆ కొద్ది ఏళ్ళలో ఎలా తయారయాడు?

మొదట బూట్ల సంగతి చెప్పాలి. అతడు అందరు పిల్లలలాగే వట్టి కాళ్ళతో ఆట మొదలుపెట్టాడు. కాస్త పెద్ద జట్లలో ఆడవలసి వచ్చేసరికి బూట్లు కావలసి వచ్చాయి. కొత్తవి కొనే శక్తి ఆ ఇంటికి లేదు. పెద్దయిన తరువాత బలరాం చెప్పిన ప్రకారం, అతడు తల్లి దగ్గర రెండు రూపాయలు తీసుకుని, పాత సామాన్లు అమ్మే బజారుకు వెళ్ళాడు. అక్కడ పోలీసువాళ్ళు వాడి పారేసిన పాత బూట్ల జత ఒకటి దొరికింది. దాన్ని చెప్పులు కుట్టేవాడి దగ్గరికి తీసుకుపోయి, ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడు.

పోలీసు బూటు ఫుట్‌బాల్ బూటు ఎలా అవుతుంది? పోలీసు బూటు అడుగు చదునుగా ఉంటుంది. ఫుట్‌బాల్ బూటు అడుగున మొలకల వంటివి ఉంటాయి. వాటిని స్టడ్లు అంటారు. ఇప్పుడు వాటిని ప్లాస్టిక్కుతో చేస్తున్నారు గాని, ఆ రోజుల్లో మందపాటి తోలును గుండ్రంగా కోసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, మేకులతో అడుగుకు కొట్టేవారు. పనితనం తెలిసినవాడికి అది కష్టమేమీ కాదు.

ఆ మొలకలు ఏం చేస్తాయో మీ ఇంట్లోనే చూడవచ్చు. పెరట్లో కొంచెం నేలను బాగా తడిపి, దానిమీద అరచెయ్యి చదునుగా ఆనించి ముందుకు తొయ్యండి. చెయ్యి జర్రున జారిపోతుంది. ఇప్పుడు అయిదు వేళ్ళూ మట్టిలోకి గుచ్చి అలాగే తొయ్యండి. చెయ్యి కదలదు. వేళ్ళ ముందు ఉన్న మట్టి అడ్డం పడుతుంది గనక మీరు మట్టినే తొయ్యవలసి వస్తుంది. పరుగెత్తే మనిషి చప్పున పక్కకు తిరగాలన్నా, ఆగాలన్నా, బలంగా తన్నాలన్నా, నేలమీద నిలిచిన కాలు జారకూడదు. బంతిని తన్నే కాలికన్న నేలను పట్టే కాలికే బూటు ఎక్కువ అవసరమని చెబితే తప్పు కాదు.

ఈ సంగతి మన దేశమంతా తెలుసుకోవడానికి పెద్ద ఓటమి ఒకటి కావలసి వచ్చింది. 1948 లో లండన్ ఒలింపిక్ పోటీలలో మనవాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతోనే ఆడి, ఫ్రాన్సు చేతిలో 2-1 తేడాతో ఓడినా, చూసినవాళ్ళచేత మెప్పు పొందారు. దాంతో వట్టి కాళ్ళ ఆటే గొప్ప అనుకున్నవాళ్ళు ఉన్నారు. 1952 లో హెల్సింకీలో చలి ఎక్కువ, నేల చల్లన. అక్కడ యుగోస్లావియా మనమీద పది గోల్స్ వేసింది. మనం వేసింది ఒకటే. ఆ తరువాత మన ఫుట్‌బాల్ సంఘం పోటీలలో బూట్లు తప్పనిసరి అన్నది. బలరాంకు అప్పటికి పదహారు సంవత్సరాలు. అంటే అతడు పాత బూట్ల జతను కాళ్ళకు అలవాటు చేసుకున్న కాలంలోనే దేశమంతా ఆ పాఠమే నేర్చుకుంటున్నదన్న మాట.

బూట్లు దొరికాయి. ఇక నేర్పేవాడు కావాలి.

ఆ కాలంలో హైదరాబాదులో ఫుట్‌బాల్ అనగానే సయ్యద్ అబ్దుల్ రహీం పేరు చెప్పేవారు. అందరూ ఆయనను రహీం సాహెబు అనేవారు. 1909 లో హైదరాబాదులోనే పుట్టిన ఆయన బడిపంతులు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులలో పిల్లలకు పాఠాలు చెప్పారు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు ఆట నేర్పారు. ఆ జట్టు 1950 మొదలు 1954 దాకా వరసగా అయిదు సంవత్సరాలు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1951 లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో మన దేశానికి బంగారు పతకం తెచ్చిన జట్టుకు కూడా ఆయనే గురువు.

రహీం సాహెబు నేర్పే పద్ధతి బడిపంతులు పద్ధతే. ఒక్కొక్క పాఠానికి ఒక్కొక్క ఆట కల్పించేవారు. ఒక పోటీలో బంతిని కాలి దగ్గర పెట్టుకుని తిప్పుకుంటూ పోవడం నిషేధం. బంతి రాగానే మరొకడికి అందించి తీరాలి. ఇంకొక పోటీలో అలవాటు లేని కాలితోనే తన్నాలి. కుడికాలి వాటం వాడు ఎడమ కాలితో, ఎడమకాలి వాటం వాడు కుడికాలితో. మొదట్లో అందరూ తడబడతారు. కొన్నాళ్ళు పోయేసరికి రెండు కాళ్ళూ పనిచేస్తాయి.

బంతిని తిప్పుకుంటూ పోకూడదనడం ఎందుకు? ఎంత బాగా పరుగెత్తేవాడైనా, బంతితో సహా గంటకు పాతిక కిలోమీటర్ల వేగం అందుకోవడం కష్టం. చక్కగా తన్నిన బంతి అంతకు రెండింతల వేగంతో పోతుంది. నమ్మకం లేకపోతే మీ బడి మైదానంలో ప్రయత్నించండి. ఒకడు బంతితో ముప్ఫై గజాలు పరుగెత్తాలి. అదే సమయానికి ఇంకో ఇద్దరు, ఆ ముప్ఫై గజాల దూరంలో ఎదురెదురుగా నిలబడి, ఒకరు బంతిని తన్నాలి, ఒకరు ఆపాలి. పరుగెత్తేవాడు సగం దూరం పోకముందే బంతి రెండోవాడి కాలి కింద ఉంటుంది. అలసట కూడా లేదు! అయితే ఒక చిక్కు ఉంది. బంతి తనదగ్గరికి రాకముందే, దాన్ని ఎవరికి పంపాలో ఆటగాడు చూసి పెట్టుకోవాలి. రహీం సాహెబు ఆటలన్నీ చివరకు నేర్పేది ఈ చూపునే.

బలరాం ఆటను ఆయన స్థానిక పోటీలలో చూసి, హైదరాబాదు రాష్ట్ర జట్టుకోసం జరిగే శిక్షణకు రమ్మన్నారు. ఏ కుర్రవాడైనా ఎగిరి గంతు వేసే మాట అది. కాని అమ్ముగూడ నుంచి హైదరాబాదు నగరానికి రోజూ రావాలి, పోవాలి. రానూ పోనూ పాతిక కిలోమీటర్లకు తక్కువ ఉండదు. ఛార్జీలకు డబ్బు లేదు. బలరాం వెనకాడాడు. సంగతి తెలుసుకుని రహీం సాహెబు అతనికి సైకిలు ఏర్పాటు చేశారు. అలా అతడు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, అక్కడ ఆడి, మళ్ళీ తొక్కుకుంటూ ఇంటికి చేరేవాడు. వ్యాయామం వేరే చెప్పాలా!

ఆ శిక్షణలో ఎదురుగా నిలిచిన రక్షకులు సామాన్యులు కారు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ వంటివాళ్ళు హెల్సింకీ ఒలింపిక్ పోటీలకు వెళ్ళివచ్చిన ఆటగాళ్ళు. వాళ్ళను దాటి బంతిని గోలుదాకా తీసుకుపోవడం నేర్చినవాడికి మిగతా ఊళ్ళవాళ్ళు అంత భయంకరంగా కనిపించరు. అదీగాక రహీం సాహెబు బలరాంను ఒకే చోట కట్టిపెట్టలేదు. ఎడమ అంచున, లోపలి వరసలో, నట్టనడుమ, ఎక్కడ నిలబెట్టినా ఆడగలిగేవాడుగా తయారుచేశారు.

ఇక్కడ ఒక చిన్న పక్కమాట. అమ్ముగూడకు ఉత్తరాన, షామీర్‌పేట పోయే కరీంనగరు రోడ్డుమీద హకీంపేట ఉంది. 1993 లో అక్కడ ప్రభుత్వం క్రీడా పాఠశాల పెట్టింది. నాలుగో తరగతిలో చేరదలచిన పిల్లలకు పరీక్షలు పెడతారు. కాగితంమీద రాసే పరీక్షలు కావు. ఎత్తూ బరువూ చూస్తారు. ముప్ఫై మీటర్లు పరుగెత్తిస్తారు, ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తిస్తారు. ఉన్నచోటునుంచి ముందుకు దూకిస్తారు, పైకి ఎగిరిస్తారు. బరువైన మెడిసిన్ బంతి విసిరిస్తారు. నెగ్గినవాళ్ళకు చదువూ, భోజనమూ, వసతీ, ఆట అన్నీ అక్కడే. సైకిలు తొక్కుకుంటూ పోయే పని లేదు. ఇది చాలా మంచి ఏర్పాటు. అయితే ఇలాటి కొలతలన్నీ శరీరానికి సంబంధించినవి. బంతి ఎక్కడికి రాబోతుందో ముందే పసిగట్టే పిల్లవాణ్ణి గడియారమూ టేపూ పట్టివ్వలేవు. అలాటివాణ్ణి కనిపెట్టడానికి, మైదానం పక్కన నిలబడి ఓపికగా ఆట చూసే పంతులు ఒకరు ఉండాలని నాకు తోస్తుంది.

1956 లో హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ సంవత్సరమే బలరాంకు మెల్బోర్న్ ఒలింపిక్ జట్టులో చోటు దొరికింది. రహీం సాహెబే శిక్షకులు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ కూడా ఆ జట్టులో ఉన్నారు. ఆస్ట్రేలియాను మనవాళ్ళు 4-2 తో ఓడించి సెమీ ఫైనలు చేరారు. ఆసియా దేశం ఏదీ అంతకు ముందు ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతదూరం పోలేదు. చివరకు మనకు నాలుగో స్థానం దక్కింది. నాలుగేళ్ళ కిందట పది గోల్స్‌తో ఓడిన దేశం అది!

1957 లో బలరాం కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు. ఊరు కొత్త, భాష కొత్త, నేల కూడా కొత్త. మనవైపు మైదానాలు గట్టినేలలు. బంతి చెంగున లేస్తుంది. కలకత్తా లీగు ఆటలు నడివానలో జరుగుతాయి. చీలమండలదాకా బురద. బంతి లేవదు సరికదా, నీళ్ళలో ఆగిపోతుంది. పరుగెత్తే లెక్కా, తన్నే బలమూ అన్నీ మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలి. అతడు నేర్చుకున్నాడు. 1961 లో ఆ జట్టు కలకత్తా లీగు గెలిచినప్పుడు నాయకుడు బలరామే.

1960 లో రోమ్ ఒలింపిక్ పోటీలలో హంగరీమీద అతడు గోలు వేశాడు. ఆ రోజుల్లో హంగరీ అంటే యూరపులో మహాజట్టు. ఆ ఆటలో మనం ఓడింది 2-1 తేడాతోనే. పెరూమీద మన ఒక్క గోలూ అతడిదే. 1962 లో జకార్తా ఆసియా క్రీడలలో జపానుమీద గోలు వేశాడు. అక్కడ ఫైనలులో దక్షిణ కొరియాను 2-1 తో ఓడించి మన జట్టు బంగారు పతకం తెచ్చుకున్నది. ఆ సంవత్సరమే అతనికి అర్జున అవార్డు వచ్చింది.

మరుసటి సంవత్సరం బలరాం ఊపిరితిత్తుల పొరకు వచ్చే ప్లూరిసీ అనే జబ్బు పడ్డాడు. ఊపిరి పీలిస్తే నొప్పి. ఫుట్‌బాల్ ఆడేవాడికి ఊపిరే కదా పెట్టుబడి! ఇరవై ఏడేళ్ళ వయసుకే ఆట మానవలసి వచ్చింది. ఆ 1963 జూన్‌లోనే రహీం సాహెబు కాన్సర్ వ్యాధితో కన్నుమూశారు.

బలరాం అమ్ముగూడకు తిరిగిరాలేదు. రైల్వేవారి బి.ఎన్.ఆర్. జట్టులోకి కొత్త ఆటగాళ్ళను ఎంచుతూ, వాళ్ళకు ఆట నేర్పుతూ, కలకత్తాకు దగ్గరలో ఉన్న ఉత్తరపాడా అనే ఊళ్ళో ఉండిపోయాడు. 2023 ఫిబ్రవరి 16న, ఎనభై ఆరేళ్ళ వయసులో, కలకత్తా ఆసుపత్రిలో చనిపోయాడు.