రాయి ఆపరేషన్ అయ్యింది – ముక్కలన్నీ బయటకు వచ్చాయా?

కిడ్నీలో రాయికి ఆపరేషన్ చేయించుకున్నవారు మమ్మల్ని తరచుగా అడుగుతారు: "సిస్టర్‌గారూ, ఇక రాయి పోయినట్టేనా?" రాయిని పగులగొట్టడం డాక్టరుగారి పని. మిగిలిన ముక్కలు బయటకు రావడానికి మీ సహకారం కూడా కావాలి.

ఇప్పుడు పెద్ద కోత లేకుండానే రాళ్లు తీస్తున్నారు. మూత్రం వచ్చే దారిలోనే సన్నని గొట్టం పంపి, లేజర్‌తో రాయిని పొడి చేస్తారు. 2 సెంటీమీటర్లు దాటిన రాళ్లను సాధారణంగా వీపు వైపు చిన్న రంధ్రం చేసి తీస్తారు. పొడిని అప్పుడే పీల్చివేసే గొట్టాలు కూడా ఇటీవల వచ్చాయి. అయినా కొందరిలో చిన్న ముక్కలు మిగులుతాయి. కిడ్నీ అడుగు భాగంలో ఉన్నవి త్వరగా రావు. అవే మళ్లీ పెరిగి రాళ్లు కావచ్చు, నాళంలో అడ్డుపడవచ్చు.

ఇంటికి వెళ్లాక ఇవి పాటించండి:

1. రోజుకు సుమారు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీరు త్రాగండి. ఎండలో పనిచేసేవారికి ఇంకా ఎక్కువ కావాలి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఎంత త్రాగాలో డాక్టరుగారిని అడగండి.

2. మంచానికే పరిమితం కాకుండా మెల్లగా నడవండి. వ్రాసిచ్చిన మందులు మధ్యలో మానకండి.

3. మూత్రంలో ముక్కలు పడితే పలుచని గుడ్డతో వడగట్టి తీసుకురండి. పరీక్షిస్తే అది ఏ రకం రాయో తెలుస్తుంది.

4. చెప్పిన తేదీకి స్కానింగుకు రండి. నొప్పి లేనంత మాత్రాన ముక్కలు లేవని కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది స్టెంట్. ఇది మూత్రనాళం మూసుకుపోకుండా లోపల ఉంచే మెత్తని గొట్టం. ఇది ఉన్నన్నాళ్లు మాటిమాటికి మూత్రం రావడం, కొద్దిగా మంట, మూత్రం ఎర్రగా కనిపించడం మామూలే. అయితే తీయించుకోకుండా నెలల తరబడి వదిలేస్తే దాని మీదే రాళ్లు కడతాయి. కిడ్నీయే చెడిపోవచ్చు. ఒక రోజు కూలి పోతుందనో, బస్సు చార్జీలు అవుతాయనో ఆ రాకను వాయిదా వేయకండి. ఆ తేదీని ఇంట్లో క్యాలెండరు మీద వ్రాసి పెట్టండి. పెద్దవారికి పిల్లలు గుర్తు చేయాలి.

చలితో జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, రక్తం గడ్డలుగా పడినా తెల్లవారే వరకు ఆగకండి. డిశ్చార్జి కాగితాలతో వెంటనే ఆసుపత్రికి రండి.