లద్దాఖ్ బైకు యాత్ర: రాత్రి బస ఏ ఎత్తులో?

హిమాలయాల్లో మంచు తొలగి కనుమలు తెరుచుకునే వేసవి రాగానే లేహ్ వెళ్లే రహదారులపై మోటారు సైకిళ్లు బారులు తీరుతాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల నుంచి కూడా ఏటా ఎందరో ఈ యాత్రకు బయలుదేరుతున్నారు. వారిలో చాలామంది మొదట వేసుకునే లెక్క, రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడపగలమన్నది. మైదాన ప్రాంతాల్లో ఆ లెక్క సరిపోతుంది. లద్దాఖ్‌లో మాత్రం అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసిన ప్రశ్న వేరే ఉంది: ఏ రాత్రి ఎంత ఎత్తులో నిద్రించాలి? యాత్ర సుఖంగా సాగడమా, ఆసుపత్రిలో ముగియడమా అన్నది చాలావరకు దానిపైనే ఆధారపడి ఉంటుంది.

శరీరానికి కావలసిన గడువు

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. లేహ్ పట్టణం ఎత్తు దాదాపు 3,500 మీటర్లు. పైకి వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ శాతం మారదు కానీ, గాలి పీడనం తగ్గుతుంది. అందువల్ల లేహ్‌లో ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్, సముద్రతీరంలో అందే దానిలో సుమారు మూడింట రెండు వంతులే ఉంటుంది. 5,300 మీటర్ల కనుమల మీద అది దాదాపు సగానికి పడిపోతుంది.

ఈ లోటుకు శరీరం అలవాటు పడగలదు. అయితే అందుకు గంటలు చాలవు, రోజులు కావాలి. ఆ వ్యవధి ఇవ్వకుండా పైకి ఎక్కితే తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం, కళ్లు తిరగడం, నిద్రలేమి వంటి లక్షణాలు కనిపిస్తాయి. 2,500 మీటర్లు దాటితే ఎవరికైనా ఇవి రావచ్చు. వయసులో ఉన్నవారికి, నిత్యం వ్యాయామం చేసేవారికి ఈ జబ్బు రాదన్న నమ్మకం సరైనది కాదు. దేహదారుఢ్యం ఉన్నవారే వేగంగా ఎక్కి, తొలి లక్షణాలను లెక్కచేయక ఇబ్బంది పడిన సందర్భాలు ఉంటాయి.

3,000 మీటర్లు దాటిన తరువాత రాత్రి బస చేసే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు అదనంగా ఆగాలని పర్వత వైద్య నిపుణులు సూచిస్తారు. పగటివేళ ఎత్తైన కనుమ దాటి, రాత్రికి దిగువన నిద్రించడం ఈ నియమానికి విరుద్ధం కాదు.

వెళ్లేది శ్రీనగర్ మీదుగా, వచ్చేది మనాలి మీదుగా

లేహ్ చేరడానికి ప్రధానంగా రెండు రహదారులున్నాయి. రెండూ ఇంచుమించు 420, 430 కిలోమీటర్ల పొడవున్నవే. దూరంలో పెద్ద తేడా లేకపోయినా, ఎత్తు పెరిగే తీరులో మాత్రం చాలా తేడా ఉంది.

శ్రీనగర్ సుమారు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి 80 కిలోమీటర్లు వెళితే వచ్చే సోనామార్గ్, ఆ పైన కార్గిల్ రెండూ 2,700 మీటర్ల ప్రాంతంలోనే ఉన్నాయి. మధ్యలో 3,500 మీటర్లకు పైగా ఎత్తున్న జోజి లా దాటవలసి ఉన్నా, బస మళ్లీ దిగువనే ఉంటుంది. లద్దాఖీ భాషలో ‘లా’ అంటే కనుమ అని అర్థం. కార్గిల్ తరువాత ఈ మార్గంలో అన్నిటికన్నా ఎత్తైన ఫోటు లా (4,108 మీటర్లు) దాటి, సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్చి గ్రామంలో ఆగవచ్చు. ప్రాచీన బౌద్ధ చిత్రాలకు ఆ గ్రామం ప్రసిద్ధి. మరునాడు లేహ్ చేరితే శరీరం మెట్టు తరువాత మెట్టుగా ఎక్కినట్లవుతుంది.

మనాలి ఎత్తు సుమారు 2,050 మీటర్లు. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం రోహ్‌తాంగ్ కనుమ ఎక్కే శ్రమను తప్పించి, ప్రయాణాన్ని వేగవంతం చేసింది. అయితే తొందరలో ఉన్నవారు మొదటి రాత్రికే 4,290 మీటర్ల సర్చు గుడారాలకు చేరుకుంటున్నారు. అంటే ఒక్క పగటిలో రాత్రి బస రెండు వేల మీటర్లకు పైగా పెరిగిపోతుంది. అక్కడ రాత్రివేళ అస్వస్థత కలిగితే వెంటనే కిందకు దిగే దారి కూడా సులభం కాదు. మనాలి వైపు తిరిగితే 4,800 మీటర్లు దాటిన బారాలాచా లా, లేహ్ వైపు సాగితే 5,000 మీటర్లు దాటిన లాచుంగ్ లా అడ్డుగా ఉంటాయి. దిగాలంటే ముందు ఎక్కాలి. అందుకే ఈ మార్గం తిరుగు ప్రయాణానికే అనుకూలం. మనాలి నుంచే వెళ్లక తప్పనివారు 3,200 మీటర్ల జిస్పాలో కనీసం రెండు రాత్రులు గడపడం మేలు.

పద్నాలుగు రోజుల ప్రణాళిక

మొదటి నాలుగు రాత్రులు వరుసగా శ్రీనగర్, సోనామార్గ్, కార్గిల్, ఆల్చిలలో గడపాలి. తరువాతి మూడు రాత్రులు లేహ్‌లోనే ఉండాలి. లేహ్‌లోని రెండు పూర్తి రోజులు విశ్రాంతికి, పట్టణంలో నెమ్మదిగా తిరగడానికి కేటాయించాలి. ఆ తరువాతే 5,359 మీటర్ల ఖార్దుంగ్ లా దాటి నుబ్రా లోయకు వెళ్లాలి. అక్కడి బస 3,100 మీటర్ల ప్రాంతంలో కనుక రాత్రి ఇబ్బంది తక్కువ. మరునాడు లేహ్ తిరిగివచ్చి, 4,200 మీటర్లకు పైగా ఎత్తున్న పాంగాంగ్ సరస్సును అన్నిటికన్నా చివర చూడాలి. అప్పటికి వారం దాటుతుంది కాబట్టి చాలామందికి శరీరం సిద్ధంగా ఉంటుంది. తిరిగి లేహ్ వచ్చి ఒక రాత్రి ఆగి, సర్చు మీదుగా మనాలి చేరడానికి మరో రెండు రోజులు పడుతుంది. వీటన్నిటికీ తోడు, కొండచరియలు విరిగిపడినా, కనుమ మూసుకుపోయినా ఉపయోగపడేలా ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి.

సెలవు తక్కువగా ఉంటే తగ్గించుకోవలసింది చూసే ప్రదేశాలను. విశ్రాంతి రోజులను తగ్గించరాదు.

కాలం, నీరు, ఇంధనం

జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఈ యాత్రకు అనువైన కాలం. లద్దాఖ్ వర్షచ్ఛాయా ప్రాంతమైనా, హిమాచల్ వైపు జూలై, ఆగస్టు నెలల్లో వానలు తీవ్రంగా ఉంటాయి. 2023 జూలైలో బియాస్ నది వరద మనాలి రహదారిని పలుచోట్ల కోసివేసింది. 2010 ఆగస్టులో లేహ్‌లోనే మేఘవిస్ఫోటం సంభవించి భారీ ప్రాణనష్టం జరిగింది. దారిలో రహదారిని దాటే మంచునీటి వాగులు ఉదయం సన్నగా పారి, ఎండ ముదిరి మంచు కరిగేకొద్దీ మధ్యాహ్నానికి ఉధృతమవుతాయి. కాబట్టి తెల్లవారగానే బయలుదేరి, మధ్యాహ్నానికల్లా వాగులు, కనుమలు దాటేయడం క్షేమకరం.

మనాలి మార్గంలో లేహ్ పరిసరాలకు, తాండికి మధ్య 300 కిలోమీటర్లకు పైగా పెట్రోలు బంకులపై ఆధారపడరాదు. లేహ్ వదిలే ముందు ట్యాంకు నింపుకుని, అదనపు ఇంధనాన్ని లోహపు డబ్బాల్లో వెంట ఉంచుకోవాలి. ఆక్సిజన్ కొరత మనుషులకే కాదు, ఇంజనుకూ ఉంటుంది. ఎత్తైన కనుమలపై బండి లాగుడు బాగా తగ్గుతుంది. అప్పుడు తక్కువ గేరులో ఓపికగా నడపాలి. దిగేటప్పుడు కూడా బ్రేకులనే నమ్ముకోకుండా తక్కువ గేరులో దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పకుండా ఉంటాయి. కొత్త టైర్లు, చైను, బ్రేకు ప్యాడ్లు బయలుదేరే ముందే వేయించుకోవాలి. క్లచ్ కేబుల్, ట్యూబులు, పంక్చరు సామగ్రి వెంట తీసుకెళ్లాలి.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవారు సొంత బండిని రైల్లో పార్సిలుగా ఢిల్లీ వరకు పంపుకోవచ్చు. అప్పుడు ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసివేయాలి. ఆర్.సి., బీమా, కాలుష్య ధ్రువపత్రం, లైసెన్సు అసలు ప్రతులు దగ్గర ఉంచుకోవాలి. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో సాధారణంగా పనిచేయవు కనుక బృందంలో కొందరికైనా పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ ఉండాలి. నుబ్రా, పాంగాంగ్ వంటి సరిహద్దు ప్రాంతాలకు వర్తించే అనుమతులు, రుసుములను బయలుదేరే ముందు లద్దాఖ్ పరిపాలనా యంత్రాంగం వద్ద సరిచూసుకోవాలి.

ముందే అనుకోవలసిన మాట

విశ్రాంతిగా కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గుతో నురుగు రావడం ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నదనడానికి సంకేతాలు. నడక తూలడం, మాట తడబడటం, మతి స్థిమితం లేకపోవడం మెదడు వాపునకు గుర్తులు. ఈ రెండూ ప్రాణాంతకమైనవి. ఆక్సిజన్ అందిస్తూ వెంటనే దిగువకు తరలించి వైద్యసహాయం పొందడమే మార్గం. తెల్లవారే వరకు వేచి ఉండరాదు. అసెటజోలమైడ్ వంటి నివారణ మాత్రలను వైద్యుని సలహాతోనే వాడాలి. గుండె, ఊపిరితిత్తుల వ్యాధులు ఉన్నవారు యాత్రకు ముందే పరీక్ష చేయించుకోవాలి. మద్యం, నిద్రమాత్రలు మానివేయాలి.

బృందంతో వెళ్లినప్పుడు తోటివారికి ఆటంకమవుతామన్న సంకోచంతో తలనొప్పిని దాచిపెట్టడం సహజం. ముప్పు పెరిగేది అక్కడే. కాబట్టి ఇంటి నుంచి కదలకముందే అందరూ ఒక మాట మీద నిలబడాలి: సాయంత్రం ఎవరికి లక్షణాలు కనిపించినా మర్నాడు ఎవరూ పైకి ఎక్కకూడదు, తగ్గకపోతే ఆ వ్యక్తిని ఒంటరిగా వదలకుండా కిందకు దించాలి. కనుమ వచ్చే ఏడాది వేసవిలోనూ తెరుచుకుంటుంది.