సముద్రంలో కొత్త కేబుళ్ళు – మన ఇంటర్నెట్ బిల్లు

ఈ వారం మనం మాట్లాడుకోబోయేది నెలనెలా ప్రతి ఇంటికీ వచ్చే ఇంటర్నెట్ బిల్లు గురించి.

ఫేస్‌బుక్‌ను నడిపే మెటా సంస్థ 2025 ఫిబ్రవరిలో ‘ప్రాజెక్ట్ వాటర్‌వర్త్’ అనే సముద్రగర్భ కేబుల్‌ని ప్రకటించింది. పొడవు 50,000 కిలోమీటర్ల పైమాటే. అమెరికా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, భారతదేశం దాని దారిలో ఉన్నాయి. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ మన విశాఖపట్నంలో ఐదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతామని చెప్పింది. విశాఖ తీరానికి సముద్రపు కేబుళ్ళు తీసుకురావడం కూడా ఆ పథకంలో భాగమే. అప్పటినుంచి మనవాళ్ళు నలుగురు కలిసిన చోటల్లా ఒకటే ప్రశ్న: “ఇన్ని కేబుళ్ళు వస్తున్నాయి కదండీ, ఇక మన బిల్లు తగ్గుతుందా?”

జవాబు ముందే చెప్పేస్తాను. అమెరికాలో ఉన్న మన ఇళ్ళకి ఆ కేబుళ్ళ వల్ల బిల్లు తగ్గదు. ఎందుకు తగ్గదో, మరి దేనివల్ల తగ్గుతుందో చెప్పడానికే ఈ ప్రసంగం.

మనవాళ్ళకి ఈ ఆశ ఊరికే కలగలేదు. 1990ల మొదట్లో ఇక్కడికి వచ్చినవారికి గుర్తుండే ఉంటుంది. ఇండియాకి ఫోన్ చేస్తే నిమిషానికి డాలరు పైనే. అమ్మతో రెండు ముక్కలు, నాన్నతో రెండు ముక్కలు, కళ్ళేమో గడియారం మీద. తర్వాత ఇండియన్ షాపుల్లో కాలింగ్ కార్డులు వచ్చాయి. 2009 నాటికి నెలకి పాతిక డాలర్లు కడితే ఇండియాకి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చని వానేజ్ కంపెనీ ప్రకటించింది. సముద్రాల కింద ఫైబర్ కేబుళ్ళు జోరుగా పడింది కూడా ఆ కాలంలోనే. కేబుళ్ళు పెరిగాయి, ధర తగ్గింది. ఇప్పుడూ అలాగే జరుగుతుందనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

అయితే అప్పుడు కేబుళ్ళతో పాటు ఇంకొన్ని జరిగాయి. అవసరానికి మించి కేబుళ్ళు వేసిన కంపెనీలు కొన్ని దివాలా తీశాయి. గ్లోబల్ క్రాసింగ్ 2002 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. టైకో కంపెనీ రెండు బిలియన్ డాలర్లకు పైగా పోసి వేసిన కేబుళ్ళని మన వి.ఎస్.ఎన్.ఎల్. 2005లో 130 మిలియన్లకే కొనుక్కుంది. అంత చవగ్గా కొన్నవాళ్ళు చవగ్గా అమ్మగలరు. అమెరికా టెలిఫోన్ కంపెనీలు విదేశీ కంపెనీలకి నిమిషానికి ఇంతకంటే ఎక్కువ కట్టకూడదని ఎఫ్.సి.సి. 1997లో హద్దు పెట్టింది. ఇండియా నుంచి అంతర్జాతీయ కాల్స్ మీద వి.ఎస్.ఎన్.ఎల్.కి ఉన్న గుత్తాధిపత్యం 2002 ఏప్రిల్‌లో పోయింది. ఆ రోజుల్లో ఫోన్ కాల్ ధరలో పెద్ద భాగం సముద్రం దాటించడానికీ, అవతలి ఒడ్డున ఉన్న కంపెనీకి కట్టడానికీ పోయేది. అక్కడ తగ్గింది కాబట్టే మనకీ తగ్గింది.

మరి ఇప్పుడు 70, 80 డాలర్ల ఇంటర్నెట్ బిల్లులో సముద్రం వాటా ఎంత? ఒక లెక్క వేద్దాం. ఒక ఇల్లు నెలకి 600 గిగాబైట్లు వాడుతుందనుకోండి. నెల మొత్తానికి సర్దితే అది సెకనుకి రెండు మెగాబిట్ల లోపే. రాత్రి భోజనాలయ్యాక అందరూ తెరల ముందు కూర్చునే వేళకి రెట్టింపు చేసి నాలుగు మెగాబిట్లు అనుకుందాం. న్యూయార్క్, ఆష్‌బర్న్ లాంటి చోట్ల ఇంటర్నెట్ కంపెనీలు టోకున కొనే ధర మెగాబిట్‌కి నెలకి డాలరు కంటే చాలా తక్కువ. పోనీ డాలరే అనుకున్నా, ఇంటికి నాలుగు డాలర్లు. అసలు సంగతి ఏమిటంటే, ఆ నాలుగు మెగాబిట్లలో సముద్రం దాటి వచ్చేది కొంచెమే. నెట్‌ఫ్లిక్స్, యూట్యూబ్ వాళ్ళు తమ వీడియోల నకళ్ళు మీ ఇంటర్నెట్ కంపెనీ ఆవరణలోనే సర్వర్లలో పెట్టి ఉంచుతారు. హైదరాబాదులో తీసిన తెలుగు సినిమా కూడా ఒకసారి సముద్రం దాటి ఇక్కడి సర్వర్‌లోకి చేరితే, ఆ తర్వాత వేలమంది అక్కడినుంచే చూస్తారు.

పైగా కొత్త కేబుళ్ళ యజమానులు ఎవరో చూడండి. వర్జీనియా బీచ్ నుంచి స్పెయిన్‌లోని బిల్బావో దాకా 6,600 కిలోమీటర్ల ‘మారియా’ కేబుల్‌కి 2017లో మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్ ముఖ్య భాగస్వాములు. 2021లో మొదలైన ‘డ్యునాంట్’ గూగుల్‌ది. తమ డేటా సెంటర్లను ఒకదానితో ఒకటి కలుపుకోవడం వాళ్ళ ప్రధాన అవసరం. మన వీధిలో కనెక్షన్ అమ్మడం వాళ్ళు కేబుల్ వేసిన ఉద్దేశం కాదు.

అయితే మన డబ్బు ఎక్కడికి పోతోంది? వీధిలోకి. రోడ్డు తవ్వడం, స్తంభాల మీద జాగాకి అద్దె, ఇంటిదాకా వైరు లాగడం, చెడిపోతే మనిషిని పంపడం, అప్పుల మీద వడ్డీలు, ఆ పైన లాభం. కృష్ణా డెల్టా రైతులకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ నిండుగా ఉన్నా, చేలోకి వచ్చే బోదె ఒక్కటే అయి, దాని మీద పెత్తనం ఒక్కరిదే అయితే, నీటి ధర చెప్పేది ఆ ఒక్కరే.

దీనికి మంచి నిదర్శనం ఉంది. గూగుల్ ఫైబర్ 2012లో కాన్సస్ సిటీలో నెలకి 70 డాలర్లకి గిగాబిట్ ఇంటర్నెట్ ప్రకటించింది. తర్వాత ఏ.టి.&టి. అదే ఊళ్ళో తన గిగాబిట్ సర్వీసు 70 డాలర్లకే పెట్టింది. గూగుల్ ఫైబర్ లేని కూపర్టినోలో మాత్రం 2015లో అదే సర్వీసుకి 110 డాలర్లు అడిగింది. కంపెనీ అదే, సర్వీసు అదే, సముద్రాలూ అవే. తేడా అల్లా ఆ వీధిలో పోటీ ఉందా లేదా అన్నదే. ఇండియాలో కూడా 2016 సెప్టెంబరులో జియో రంగంలోకి దిగాక డేటా ధరలు ఎలా పడిపోయాయో మీకు తెలుసు.

సముద్రపు కేబుల్ ధరనే మార్చే చోట్లు లేకపోలేదు. 2009లో సీకామ్ కేబుల్ వచ్చేదాకా తూర్పు ఆఫ్రికా చాలావరకు ఖరీదైన ఉపగ్రహాల మీదే ఆధారపడేది. చెన్నై నుంచి అండమాన్‌కి సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యేదాకా పోర్ట్ బ్లెయిర్‌లో మనవాళ్ళ పరిస్థితీ అదే. అలాంటి చోట్ల ఇరుకు సముద్రంలోనే ఉంది. డాలస్‌లోనో, ఎడిసన్‌లోనో ఉన్న మనకి ఇరుకు ఇంటి ముందర ఉంది.

మరి కొత్త కేబుళ్ళ వల్ల మనకి లాభమే లేదా అంటే, ఉంది. అది బిల్లులో కనిపించదు, అమ్మానాన్నలతో వీడియో కాల్‌లో కనిపిస్తుంది. 2008 జనవరిలో ఈజిప్టు తీరం దగ్గర కేబుళ్ళు తెగి ఇండియా ఇంటర్నెట్ కుంటుపడింది. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో తెగినప్పుడూ ఇబ్బంది పడ్డాం. యూరప్ మీదుగా ఇండియాకి వెళ్ళే కేబుళ్ళలో ఎక్కువ భాగం ఆ ఇరుకు దారినే పోతాయి. ఇండియా వైపు కూడా చాలావరకు ముంబయి, చెన్నై తీరాలకే చేరతాయి. దక్షిణాఫ్రికా మీదుగా ఇంకో దారి, విశాఖలో ఇంకో రేవు ఏర్పడితే, ఒకచోట తెగినా మాట తెగదు. పెద్దవయసు తల్లిదండ్రులని అక్కడ ఒంటరిగా వదిలి వచ్చిన మనకి అది చిన్న విషయం కాదు.

ఇక బిల్లు తగ్గించుకోవడానికి మనం చేయగలిగినవి. 2024 నుంచి ప్రతి ఇంటర్నెట్ కంపెనీ తన ప్లాను వివరాలు ఆహార పొట్లాల మీద ఉండేలాంటి లేబుల్‌లో చూపించాలి. అందులో మొదటి ధర ఎన్ని నెలలో, ఆ తర్వాత ఎంతో చూడండి. ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకుని, పది రోజుల ముందే ఫోన్ చేసి బేరమాడండి. మీ వీధికి రెండో కంపెనీ వచ్చి ఉంటే దాని ధర చేతిలో పెట్టుకుని మరీ మాట్లాడండి.

రెండో కంపెనీ లేకపోతే సిటీ కౌన్సిల్‌కి వెళ్ళి అడగండి. టెనసీలోని చాటనూగాలో ఊరి విద్యుత్ సంస్థే 2010లో గిగాబిట్ ఇంటర్నెట్ ఇచ్చింది. నార్త్ కరోలినాలో విల్సన్ ఊరు 2008లో సొంత ఫైబర్ పెట్టుకుంటే, మరే ఊరూ సులువుగా ఆ పని చేయకుండా 2011లో రాష్ట్ర చట్టం తెచ్చారు. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళకి నెలకి 30 డాలర్లు తగ్గించిన ఫెడరల్ పథకంలో 2.3 కోట్ల కుటుంబాలు చేరాయి. నిధులు అయిపోయి 2024 జూన్‌లో అది ఆగిపోయింది. ఇవన్నీ ఒడ్డు మీద, ఓట్లతో జరిగిన నిర్ణయాలే. మన పిల్లల స్కూలు గురించి బోర్డు మీటింగులకి వెళ్ళే మనం, దీని గురించి కూడా ఒక సాయంత్రం వెళ్ళవచ్చు.

విశాఖ రేవుకి కేబుల్ చేరిన రోజున అందరం సంతోషిద్దాం. మీ వీధిలో ఎన్ని కంపెనీల వైర్లు ఉన్నాయో మాత్రం ఈ వారమే కనుక్కోండి. మళ్ళీ కలుద్దాం, సెలవు.