ఉక్కు నగరంలో ఒక్కరోజు చేతిపనుల బడి

రాబోయే తరాలకు దక్కవలసిన నీటిని, నేలను, అడవిని తరగనీయకుండా నేటి అవసరాలు తీర్చుకునే పద్ధతిని సుస్థిర జీవనం అంటారు. పేరు కొత్తదే గాని, దానికి కావలసిన పనుల్లో చాలా భాగం ఉత్తరాంధ్ర ఇళ్లలో రెండు తరాల కిందటి వరకు పిల్లలకు పెద్దవాళ్ల పక్కన తిరుగుతూండగానే అబ్బేవి. తిరగలిలో చోళ్లు (రాగులు) విసరడం, కుంకుడుకాయలు నానబెట్టి రసం తీయడం, చిరిగిన బట్టకు అతుకు వేయడం, పేడనూ ఊడ్చిన చెత్తనూ పెంటపోగులో మాగబెట్టి ఎరువు చేయడం అలాంటివే. ఊరు విడిచి పట్నం చేరిన కుటుంబాల్లో ఆ పక్కన తిరగడం అనేదే లేకుండా పోయింది కనుక, ఇప్పుడు వాటిని ఒకే ఆవరణలో, ఒకే రోజున, తరగతులుగా విడదీసి నేర్పవలసి వస్తున్నది.

ఇటువంటి బడుల వెనుక చిన్న చరిత్ర ఉంది. పాఠ్యపుస్తకాలకూ పరీక్షలకూ అందని చదువును పెద్దలకు అందించాలన్న డేనిష్ మతాచార్యుడు గ్రుండ్‌విగ్ ఆలోచనతో డెన్మార్క్‌లోని రోడింగ్‌లో 1844లో తొలి జానపద పాఠశాల మొదలయింది. 1937లో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీజీ చేతిపనిని చదువుకు కేంద్రంగా నిలిపే ‘నయీ తాలీమ్’ పద్ధతిని ప్రతిపాదించారు. 2009లో పాత్రికేయురాలు మార్టీన్ పోస్త్మా ఆమ్‌స్టర్‌డామ్‌లో ‘రిపేర్ కేఫ్’ను ప్రారంభించారు. పాడైన వస్తువును పట్టుకుని వచ్చినవారు, పని తెలిసిన ఇరుగుపొరుగువారి పక్కన కూర్చుని దాన్ని తామే బాగు చేసుకోవడం అందులోని ఏర్పాటు. తెలుగునాట ఇదే ఆలోచన విత్తనాల చుట్టూ పెరిగింది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా రైతులు సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద పాత విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే పాత పంటల జాతరకు రెండు దశాబ్దాలకు పైగా చరిత్ర ఉంది. అరకు దగ్గర డుంబ్రిగుడ మండలంలోని కిల్లోగుడలో సంజీవిని సంస్థ ఆదివాసీ రైతులతో విత్తనాల పండుగ జరుపుతూ వచ్చింది. విశాఖపట్నంలోనే ప్రకృతి వ్యవసాయదారులు ఇటీవలి సంవత్సరాల్లో ఆర్గానిక్ మేళాలు నిర్వహిస్తున్నారు. మేళాలో కొనుగోలుదే పైచేయి అవుతుంది. తరగతుల రోజున మాత్రం వచ్చినవారు సంచి నింపుకోవడం కంటే చేతులు మురికి చేసుకోవడం ముఖ్యం.

విశాఖకు ఈ బడి అవసరం మరింతగా ఉండడానికి ఆ నగరం పెరిగిన తీరే కారణం. 1933లో ఓడరేవు, 1941లో నౌకానిర్మాణ కేంద్రం, 1971లో పునాదిరాయి పడిన ఉక్కు కర్మాగారం వరుసగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుంచి జనాన్ని రప్పించాయి. ఉక్కు కర్మాగారం కోసం 60కి పైగా గ్రామాలవారు భూములు వదులుకున్నారు. నాగలి పట్టిన కుటుంబంలోని తరువాతి తరం వెల్డింగు టార్చి పట్టింది, ఆ తరువాతి తరం కంప్యూటరు ముందు కూర్చుంది. ఇది పతనమని చెప్పడం అన్యాయం, ఎందుకంటే జీతం వచ్చే ఉద్యోగం ఆ కుటుంబాలను ఆకలి నుంచి బయటపడేసింది. అయితే అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఉన్న మనిషికి తన వంటింటి చెత్త ఎక్కడికి పోతుందో, తాను తినే సామలు ఏ కొండ మీద పండాయో తెలియని స్థితి కూడా ఆ మార్పుతోనే వచ్చింది.

ఒక్కరోజులో నిజంగా చేతికి వచ్చే విద్యల్లో మొదటిది ఎరువు తయారీ. నగరాల చెత్తలో సగానికి సగం వరకు కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం వంటి తడి చెత్తే కనుక, దాన్ని ఇంటి దగ్గరే ఆపగలిగితే కాపులుప్పాడ డంపింగు యార్డుకు చేరే బరువు ఆ మేరకు తగ్గుతుంది. పక్కలకు చిల్లులు పెట్టిన పాత పెయింటు డబ్బా చాలు. అడుగున ఎండుటాకులు పరిచి, ఒక వంతు తడి చెత్తకు రెండు వంతుల ఎండు ఆకులో కొబ్బరిపీచు పొట్టో కలుపుతూ, పైన కాస్త పుల్లటి మజ్జిగ చిలకరించి మూత పెడితే రెండు నెలల్లో మట్టివాసన వేసే ఎరువు తయారవుతుంది. తెలుసుకోవలసిన కిటుకు ఒక్కటే. దుర్వాసన వచ్చిందంటే లోపల తడి ఎక్కువై గాలి ఆడడం లేదని అర్థం, దానికి మందు మరో రెండు గుప్పెళ్ల ఎండుటాకులు. సముద్రపు గాలిలో తేమ ఎప్పుడూ ఉండే విశాఖలో, వానాకాలంలో మరీ, ఈ మాట చెప్పకుండా వదిలేసిన శిక్షణకు వెళ్లినవారు నెల తిరక్కుండానే డబ్బాను మెట్ల కిందకు నెట్టేస్తారు.

దీనికి తోడుగా నేర్పవలసినది జీవామృతం, అంటే నేలలోని సూక్ష్మజీవులను పెంచడానికి పులియబెట్టే ద్రవం. సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన ఈ పద్ధతిని 2016 నుంచి రైతు సాధికార సంస్థ ఆంధ్రప్రదేశ్ అంతటా ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంగా విస్తరించింది. ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ పురస్కారం మరి ఇద్దరు గ్రహీతలతో కలిపి దక్కింది. ఎకరానికి 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల ఆవుమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి కలపడం వాడుకలో ఉన్న లెక్క. మిద్దెతోట ఉన్నవారికి ఇందులో ఇరవయ్యో వంతు, అంటే 10 లీటర్ల బకెట్టులో అరకిలో పేడ, అరలీటరు మూత్రం, నూరేసి గ్రాముల బెల్లం, సెనగపిండి సరిపోతాయి. నీడలో గోనెపట్టా కప్పి, ఉదయం సాయంత్రం కర్రతో తిప్పుతూ 48 గంటలు ఉంచాక పలుచన చేసి కుండీలకు పోస్తారు. కార్డు మీద రాసిచ్చిన కొలతల కంటే, రెండు రోజులకు పైకి తేలే నురగనూ పులిసిన వాసననూ ఒకసారి చూసి ఉండడం ఎక్కువ ఉపయోగపడుతుంది. అందుచేత ముందురోజుల్లోనే కలిపి ఉంచిన బకెట్టును ఆనాటి తరగతిలో కొత్తదాని పక్కన పెట్టాలి.

తిండి విషయంలో కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. చోడిపిండిని ముందురోజే నీళ్లలో కలిపి పులియనిచ్చి, ఉడుకుతున్న నూకల్లో పోసి అంబలి కాచి, మర్నాడు మజ్జిగ కలిపి ఉల్లిపాయ నంజుకు తాగడం ఉత్తరాంధ్రలో కూలిపనికి వెళ్లేవారి పొద్దుటి తిండి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన తరువాత అదే చోడి అందమైన పొట్లాల్లో ధర పెంచుకుని సూపర్ మార్కెట్లకు ఎక్కింది. అంబలి కాచడం నేర్పేది ఆదివాసీ గూడెం నుంచో చోడవరం వైపు పల్లె నుంచో వచ్చిన పెద్దామె అయితే రుచితో పాటు కొలతా సరిగ్గా కుదురుతుంది. ఆనాటి భోజనం అడ్డాకుల విస్తళ్లలో పెట్టి, ఆ విస్తరిని వెదురు పుల్లలతో కుట్టడం అక్కడే చూపిస్తే రెండు పనులూ ఒకేసారి జరుగుతాయి. కుంకుడుకాయ, శీకాయ, తేనె కోసం ఎక్కడికో వెళ్లనక్కరలేదు. వాటిని అమ్మే, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది.

ఒక్కరోజులో నేర్చుకోలేని విద్యల సంగతి వేరు. వాటిలో ఈ ప్రాంతానికి పేరు తెచ్చినది ఏటికొప్పాక లక్క బొమ్మల పని. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు 2022 వరకు విశాఖపట్నం జిల్లాలోనూ, తరువాత అనకాపల్లి జిల్లాలోనూ ఉంది. తేలికగా, మెత్తగా ఉండే అంకుడు కర్రను ఎండబెట్టి, తిరుగుడు యంత్రానికి బిగించి, ఉలితో కావలసిన ఆకారం తెస్తారు. ఆ తరువాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనించి పట్టుకుంటే, ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రకు పల్చగా అంటుకుంటుంది. దాని మీద మొగలి ఆకును అదిమి పట్టగానే మెరుపు వస్తుంది. లక్క అనేది కొన్ని చెట్ల కొమ్మల మీద బతికే ఒక పురుగు స్రవించే జిగురు. రంగులు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి తీస్తారు. రసాయన రంగులు ఈ కళను కమ్మేస్తున్న రోజుల్లో ప్రకృతి సిద్ధమైన రంగులను పరిశోధించి మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరును ఆ ప్రాంతపు పనివారి సరుకుకే వాడాలన్న చట్టపరమైన రక్షణ దొరికింది. 2025 గణతంత్ర దినోత్సవంలో రాష్ట్ర శకటం మీద ఊరేగినవి కూడా ఇవే. పసిపిల్లలు బొమ్మను చూడగానే నోట్లో పెట్టుకుంటారు కనుక ఈ రంగుల విషయం అలంకారానికి సంబంధించినది మాత్రమే కాదు. కడ్డీని ఎంత ఒత్తిడితో ఆనించాలో చేతికి తెలియడానికి సంవత్సరాలు పడుతుంది. అంకుడు కర్ర కొరత పనివారిని ఎప్పటినుంచో వేధిస్తున్నది. శిక్షణకు వచ్చినవారు అరగంట యంత్రం ముందు కూర్చుని వంకర బొంగరం ఒకటి చేసుకుంటే, అంగట్లో బొమ్మ ధర విని ముఖం చిట్లించడం మానేస్తారు. ఒక్కరోజు బడి నుంచి అంతకు మించి ఆశించకూడదు.

పొందూరు ఖద్దరుది కూడా ఇదే తీరు. అక్కడ పత్తిలోని దుమ్మూ ధూళీ పోయి పోగులన్నీ ఒకవైపుకు తిరిగేలా దువ్వడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారు, దాని సన్నని పళ్లకు సాటి వచ్చే దువ్వెన యంత్రాల్లో దొరకలేదంటారు.

విశాఖవారు తమ ముంగిట్లోనే ఉన్నా పట్టించుకోని విద్య జాలరులది. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటను నిషేధిస్తారు. ఆ రెండు నెలలూ వలలు, పడవలు బాగు చేసుకునే కాలం. చిరిగిన వలలో కన్ను కొలత తప్పకుండా కొత్త నూలు అల్లడం, సముద్రంలో వదిలేసిన నైలాన్ వల చేపలను ఎలా చంపుతూనే ఉంటుందో వివరించడం, ఎండు చేపలకు ఉప్పు ఎంత పట్టించాలో చెప్పడం ఏ పుస్తకం కంటే కూడా జాలరిపేట స్త్రీపురుషులకే బాగా తెలుసు. సుస్థిర జీవనం మీద వేదికలెక్కి మాట్లాడేవారిలో జాలరులు ఎప్పుడూ కనిపించకపోవడం ఈ నగరానికి మచ్చ.

పాత విద్యలంటే పల్లె విద్యలే అనుకోవడం కూడా పొరపాటు. మిక్సీ మోటారులో కార్బన్ బ్రష్ మార్చడం, ఫ్యాన్‌కు కెపాసిటర్ వేయడం, విరిగిన కుర్చీ కాలికి వెల్డింగు పెట్టడం తెలిసిన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు గాజువాకలోనూ ఉక్కునగరంలోనూ వేల సంఖ్యలో ఉన్నారు, వారిలో పదవీ విరమణ చేసినవారూ తక్కువ కాదు. ఇంట్లో మూలపడిన వస్తువులతో జనం వచ్చి వారి పక్కన కూర్చునే బల్ల ఒకటి వేస్తే, ఆమ్‌స్టర్‌డామ్ ప్రయోగం విశాఖలో మరింత సులువుగా నడుస్తుంది. మిగతా తరగతులన్నిటికంటే జనం ఎక్కువగా చేరేది ఈ బల్ల దగ్గరే కావచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. బాల్కనీలో కంపోస్టు డబ్బా పెట్టినంత మాత్రాన ఓడరేవు వైపు నుంచి ఇళ్ల మీద పడే బొగ్గు దుమ్ము ఆగదు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గరి కర్మాగారం నుంచి స్టైరిన్ వాయువు లీకై 12 మంది చనిపోవడానికి ఏ ఇంటివారి అలవాట్లూ కారణం కావు. పరిశ్రమల కాలుష్యాన్ని అదుపు చేయడం చట్టం పని, ప్రభుత్వం పని. చేతిపనుల బడి ఆ బాధ్యతను జనం మీదికి నెట్టే సాకు కాకూడదు.

ఏర్పాట్ల సంగతికి వస్తే దారులు ఇప్పటికే ఉన్నాయి. మహా విశాఖ నగరపాలక సంస్థ 2022 జూన్ 5న ‘ఎకో వైజాగ్’ ప్రచారాన్ని మొదలుపెట్టి, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించింది. 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం రాష్ట్రమంతటా స్వచ్ఛాంధ్ర దినంగా జరుగుతున్నది. ఆ శనివారాల్లో చీపుర్లు పట్టి ఫొటోలు దిగే గంటకు బదులు ఒక పూట బడి నడిపితే చాలు. మధురవాడ శిల్పారామం గాని, ఏదైనా మున్సిపల్ పాఠశాల ఆవరణ గాని సరిపోతుంది.

మిగిలింది గురువుల మాట. ఇటువంటి కార్యక్రమాల్లో ఉపన్యాసం ఇచ్చే పెద్దలకు శాలువా, జ్ఞాపిక అందుతాయి, బుట్ట అల్లే మేదరి పనివానికి భోజనం టికెట్టుతో సరిపెడతారు. అతను ఆ రోజు మానుకున్న కూలి, ఊరి నుంచి వచ్చిపోయే చార్జీ, తెచ్చిన వెదురు ఖరీదు నిర్వాహకులు ముందే లెక్కగట్టి, తరగతి మొదలు కాకమునుపే చేతిలో పెట్టాలి, దానికోసం వచ్చేవారి దగ్గర కొద్దిపాటి రుసుము వసూలు చేసినా తప్పు లేదు.