మీకు తెలుసా? అర తులం పిట్ట సముద్రం దాటుతుంది
ఇంగ్లండ్ తూర్పు తీరంలోని సఫోక్‌లో అక్టోబరు వచ్చి తూర్పు గాలి తిరిగిందంటే, పక్షుల పిచ్చి ఉన్నవాళ్లు ఇంట్లో కాలు నిలపరు. మిన్స్‌మియర్, డన్విచ్ హీత్ వైపు నడిస్తే ఒడ్డునున్న పొదల్లో గోల్డ్‌క్రెస్ట్ అనే పిట్ట కనిపించవచ్చు. నెత్తిన నల్ల అంచుతో పసుపు చార. బరువు 5, 6 గ్రాములు, అంటే అర తులం! స్కాండినేవియా నుంచి ఉత్తర సముద్రం మీదుగా, ఎక్కువగా రాత్రిపూట ఎగిరొస్తుంది. ఇంత పిట్టకు అంత సత్తువ ఎక్కడిదని, అదే రోజుల్లో వచ్చే వుడ్‌కాక్ అనే పక్షి వీపెక్కి వస్తుందని పూర్వం నమ్మేవారు. పాపం వుడ్‌కాక్! దిగీదిగగానే గోల్డ్‌క్రెస్ట్ ఆకులు, కొమ్మల సందుల్లో పురుగులు ఏరుకునే పనిలో పడుతుంది. ఆ ఆకలి మీద మనిషి రెండడుగుల దూరంలో నిలబడ్డా ఒక్కోసారి పట్టించుకోదు. అంత దగ్గర్లో బైనాక్యులర్ కూడా పనికిరాదు.