ఎదుటి జట్టు ఎంపికలు – అభిమానుల తీర్పులు

పోటీ ఉన్నచోట తీర్పులు కూడ ఉండును. ఎదుటి పక్షమువారి పొరపాటును ఎత్తిచూపుటలో మనుష్యునకు గల ఉత్సాహము తన పక్షము పొరపాటును చూచుకొనుటలో ఉండదు. ఈ స్వభావము అమెరికా దేశపు ఫుట్‌బాలు అభిమానులయందు ఏటేటా ఏప్రిలు నెలలో నిండుగా బయటపడును. ఆ నెలలో అచ్చటి వృత్తి జట్లు కళాశాలలనుండి క్రొత్త ఆటగాండ్రను ఎన్నుకొనును. తమ జట్టు ఎవరిని తీసికొన్నదో ముచ్చటించుకొనుట ఒక యెత్తు, ప్రత్యర్థి జట్టు ఎవరిని తీసికొని మోసపోయినదో వాదించుట మరియొక యెత్తు. మన పాఠశాలలో చదివి ఆ దేశమున స్థిరపడినవారు సెలవులకు వచ్చినపుడు ఈ వాదములను మాతో ప్రస్తావించుచుందురు. మన పిల్లలు కొందరు ఫోనులలో ఆ ఆటను చూచుచున్నారు. కావున ఆ ఎంపిక పద్ధతి ఎట్టిదో, ఆ వాదములలో న్యాయమెంతయో తల్లిదండ్రులకు తెలుపదలచితిమి. పిల్లవాని శక్తిని ముందుగా అంచనా వేయుట ఎంత కష్టమో ఇందువలన తెలియును. ఆ పని మనమందరము ఇంటను, బడిలోను దినదినము చేయుచున్నదే గదా!

ముందుగా ఆట సంగతి. అమెరికావారు ఫుట్‌బాలని పిలుచునది మనమెరిగిన ఫుట్‌బాలు కాదు. అందలి బంతి గుండ్రముగా నుండక రెండు కొనలయందు మొనదేలి యుండును. దానిని చేతులతో పట్టుకొని పరుగెత్తుదురు, ఒకరికొకరు విసరుకొందురు. మైదానమున ఒక్కొక్క పక్షమునకు 11 మంది యుందురు. వారిలో క్వార్టర్‌బ్యాక్ అనువాడు ముఖ్యుడు. బంతి చేతికి వచ్చిన రెండు మూడు క్షణములలో, మీదికి దూకుచున్న ప్రత్యర్థులను తప్పించుకొనుచు, ఎవరికి విసరవలెనో అతడు నిర్ణయింపవలెను. మంచి క్వార్టర్‌బ్యాక్ దొరకిన జట్టు పదునైదేండ్లు సుఖపడును, దొరకని జట్టు అతని కొరకు వెదకుచునే యుండును. అందుచేతనే అభిమానుల వాదములలో సగము ఈ ఒక్క స్థానమును గూర్చియే జరుగును.

ఇక ఎంపిక పద్ధతి. దీనిని డ్రాఫ్టు అందురు. మన దేశపు ఐ.పి.ఎల్. క్రికెట్టు పోటీలలో ఆటగాండ్రను వేలములో కొనుట పాఠకులెరిగినదే. అచ్చట ఎక్కువ ధర పలికినవారికి ఆటగాడు దక్కును. డ్రాఫ్టులో వేలము లేదు, వంతులు మాత్రమే కలవు. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అను సంస్థలో 32 జట్లు ఉన్నవి. గడచిన ఏడు అందరికంటె అడుగున నిలిచిన జట్టుకు మొదటి వంతు, విజేతయైన జట్టుకు కడపటి వంతు. ఇట్లు ఏడు ఆవృత్తులు సాగును. బలహీనులకు ముందుగా అవకాశమిచ్చి పోటీని సమముగా నిలుపుట దీని ఉద్దేశము.

ఈ ఆలోచన ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టు యజమాని బర్ట్ బెల్ అను నాతనిది. ధనము గల జట్లే మంచి ఆటగాండ్రనందరను చేర్చుకొనుచుండగా, తనవంటి పేద జట్లు నిలువజాలవని అతడు 1935లో వాదించి తక్కినవారిని ఒప్పించెను. మొదటి డ్రాఫ్టు 1936లో ఫిలడెల్ఫియా నగరమున జరిగెను. ఒక నల్లబల్లపై సుమారు 90 మంది పేర్లు వ్రాసి, వారినుండి ఎన్నుకొనిరట. అందరికంటె ముందు ఎన్నుకొనబడిన జే బెర్వాంగర్ అను యువకుడు తుదకు వృత్తి ఆటగాడే కాలేదు. వేతనము కుదరక అతడు వేరు జీవనోపాధి చూచుకొనెను. మొట్టమొదటి డ్రాఫ్టులోని మొట్టమొదటి ఎంపికయే ఫలింపలేదన్నమాట!

జట్లు తమ వంతులను ఒకదానితో నొకటి మార్చుకొనవచ్చును. ముందు వంతు కావలెనన్న జట్టు తన వెనుకటి వంతులు కొన్నిటిని ఇచ్చి దానిని పొందును. ఈ బేరములకై డల్లాస్ కౌబాయ్స్ జట్టువారు 1990 ప్రాంతములలో ఒక విలువల పట్టిక తయారుచేసిరి. అందులో మొదటి వంతు విలువ 3000, రెండవది 2600, మూడవది 2200. ఒక్క మెట్టు ఎక్కుటకు ఎంత వెల చెల్లింపవలెనో ఈ అంకెలు చెప్పుచున్నవి. ఆ వెల చెల్లించి తెచ్చుకొన్న ఆటగాడు రాణింపనిచో ఎదుటి పక్షమువారు ఊరకుందురా?

ఇట్టి వాదములకు చికాగో బేర్స్, గ్రీన్ బే ప్యాకర్స్ అను జట్ల వైరము మంచి ఉదాహరణము. చికాగో మహానగరము. గ్రీన్ బే సుమారు లక్ష జనాభా గల చిన్న పట్టణము. అచ్చటి జట్టుకు ఒక్క యజమాని లేడు, వాటాలు కొన్న సామాన్య ప్రజలే యజమానులు. ఈ రెండు జట్లు 1921 నుండి తలపడుచున్నవి. తాతనుండి మనుమనివరకు ఒకే జట్టును అభిమానించు కుటుంబములు రెండు వైపుల నున్నవి.

2017లో బేర్స్‌కు మూడవ వంతు వచ్చెను. వారు దానితోబాటు మరి మూడు వంతులను శాన్ ఫ్రాన్సిస్కో జట్టున కిచ్చి రెండవ వంతు పొందిరి. ఆ వంతున మిచెల్ ట్రుబిస్కీ అను క్వార్టర్‌బ్యాక్‌ను తీసికొనిరి. అతడు కళాశాల జట్టుకు మొదటినుండి ఆడినవి 13 ఆటలు మాత్రమే. అదే దినమున పదవ వంతులో కాన్సస్ సిటీ చీఫ్స్ జట్టు ప్యాట్రిక్ మహోమ్స్ అను వానిని తీసికొనెను. తరువాతి కథ ప్రసిద్ధము. మహోమ్స్ 2018లో ఉత్తమ ఆటగాడుగా నెన్నికయ్యెను. 2020, 2023, 2024 సంవత్సరములలో జరిగిన సూపర్ బౌల్ అంతిమ పోటీలలో తన జట్టును గెలిపించెను. ట్రుబిస్కీ 2018లో బేర్స్‌ను తమ విభాగమున ప్రథమస్థానమునకు చేర్చినను, ఆ స్థితి నిలువలేదు. 2021లో అతడు చికాగో విడిచెను. ప్యాకర్స్ అభిమానులకు ఇంతకంటె మించిన పరిహాస వస్తువు దొరకునా?

ఇంక రెండవ వైపు చూతము. 2020లో ప్యాకర్స్ జట్టు మంచి బలముతో నుండెను. వారి క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ ప్రసిద్ధుడు. అతనికి సాయపడు ఆటగానిని తెత్తురని అభిమానులు ఎదురుచూచిరి. జట్టువారు ఒక వెనుకటి వంతును వదలుకొని, 30వ వంతునుండి 26వ వంతునకు ఎగబ్రాకి, జోర్డన్ లవ్ అను మరియొక క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చిరి. ఇంట దీపము వెలుగుచుండగా మరియొక దీపము కొన్నట్లయినదని సొంత అభిమానులే నొచ్చుకొనిరి. ప్రత్యర్థుల సంతోషము చెప్పనక్కరలేదు. పైగా రాడ్జర్స్ 2020, 2021 రెండేండ్లును ఉత్తమ ఆటగాడుగా నెన్నికయ్యెను. నవ్వినవారి మాటయే నెగ్గినట్లు కనబడెను. కాని 2023లో రాడ్జర్స్ న్యూయార్క్ జెట్స్ జట్టునకు మారెను. మూడేండ్లు ప్రక్కనుండి నేర్చుకొన్న లవ్ ముందుకు వచ్చెను. 2024 జనవరిలో డల్లాస్ జట్టును వారి మైదానముననే 48–32 తేడాతో ఓడించి తన జట్టును తరువాతి ఘట్టమునకు చేర్చెను. నవ్వులు సన్నగిల్లినవి.

ప్యాకర్స్ తప్పులు చేయలేదని దీని అర్థము కాదు. 1989లో వారు రెండవ వంతున టోనీ మాండరిచ్ అను భారీకాయుని తీసికొనిరి. అంతటి ఆటగాడు అరుదని పత్రికలు అతనిని మెచ్చుకొనెను. అతడు ఆ జట్టులో రాణింపలేదు. అతనికి ముందు ఒకటవ వంతున, వెనుక మూడు, నాలుగు, ఐదవ వంతులలో ఎన్నుకొనబడిన నలుగురును మాత్రము కాలక్రమమున ఆ ఆట మహనీయుల జాబితా కెక్కిరి. బేర్స్ అభిమానులకు కోపము వచ్చినపుడు మాండరిచ్ పేరెత్తుదురు, ప్యాకర్స్ అభిమానులు ట్రుబిస్కీ పేరెత్తుదురు. ఎవరి అంబులపొదిలో వారికి బాణములున్నవి.

ఈ వాదములను నిదానముగా వినినచో, వాదించువారు రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా కలుపుచున్నారని తోచును. ఆ దినమున తెలిసిన విషయములనుబట్టి నిర్ణయము సరియైనదా యనునది మొదటి ప్రశ్న. తరువాత ఫలితమెట్లు వచ్చినదనునది రెండవ ప్రశ్న. మహోమ్స్ ఇంతవాడగునని 2017 ఏప్రిలులో బేర్స్‌కు తెలియలేదు, నిజమే. మరి తెలిసినవారెవ్వరు? అతనికి ముందు తొమ్మిది జట్లు వేరొకరిని ఎన్నుకొన్నవి. ట్రుబిస్కీయే ఆ యేటి క్వార్టర్‌బ్యాక్‌లలో మేటియని పలువురు పరిశీలకులు ఆనాడు వ్రాసిరి. కావున మహోమ్స్‌ను వదలినందులకు బేర్స్‌ను మాత్రమే నిందించుట న్యాయము కాదు. ఒక్క మెట్టు ఎక్కుటకు మూడు వంతులు అదనముగా ధారపోసినందులకు నిందించినచో అందు కొంత న్యాయమున్నది. ఆ వెల ఎక్కువయని ఆ దినముననే చెప్పగలిగి యుండిరి.

ఈ విషయమును పండితులు కూడ పరిశీలించిరి. కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అను ఆచార్యులు అనేక సంవత్సరముల డ్రాఫ్టులను లెక్కగట్టి చూచిరి. థేలర్ 2017లో అర్థశాస్త్రమున నోబెలు బహుమానము పొందినవాడు. ఒకే స్థానమున ఆడువారిలో ముందు ఎన్నుకొనబడినవాడు తరువాతి వానికంటె మేలైనవాడగుట, నాణెము ఎగురవేసి బొమ్మయో బొరుసో చూచుటకంటె ఏ కొంచెమో నిశ్చయమని వారు తేల్చిరి. జట్లు తమ అంచనాశక్తిని తామే అధికముగా నమ్ముకొని ముందు వంతులకు మితిమీరిన వెల పెట్టుచున్నవని వారి అభిప్రాయము. ఏడాది పొడవున పరిశీలకులను దేశమంతట త్రిప్పి, పరుగును గడియారముతోను, ఎగురుటను కొలబద్దతోను కొలిచి చూచు జట్లకే ఇంత అనిశ్చయమున్నపుడు, ఇంట కూర్చుండి తీర్పు చెప్పువారి సంగతి చెప్పవలెనా?

కొలతలకు అందని గుణములుండుటయే ఇందుకు కారణము. 2000లో టామ్ బ్రేడీ అను యువకుడు మెల్లగా పరుగెత్తువాడని తెలిసి జట్లన్నియు వెనుకాడెను. 198 మంది ఎన్నుకొనబడిన తరువాత, ఆరవ ఆవృత్తిలో, 199వ వాడుగా న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టు అతనిని తీసికొనెను. అతడు ఏడు సూపర్ బౌల్ విజయములు సాధించెను. గడియారము అతని కాళ్లను సరిగానే కొలిచెను. అతని ఓర్పును, చూపును కొలుచు సాధనము మాత్రము ఎవరికడను లేకపోయెను.

మరియొక కారణము కలదు. ఎన్నుకొనబడిన యువకుడు ఏ చోట పడినాడనునది కూడ అతని భవిష్యత్తును నిర్ణయించును. మహోమ్స్ మొదటి యేడు అనుభవజ్ఞుడైన ఆటగాని వెనుక నిలిచి నేర్చుకొనెను, ఆ యేడు అతడు మొదటినుండి ఆడినది ఒక్క ఆటయే. లవ్ మూడేండ్లు వేచియుండెను. అతనికి ముందు రాడ్జర్స్ సైతము 2005లో 24వ వంతున వచ్చి, బ్రెట్ ఫార్వ్ వెనుక మూడేండ్లు కూర్చుండి, 2008లో గాని ముఖ్యస్థానము పొందలేదు. ట్రుబిస్కీని మొదటి యేడు అక్టోబరులోనే ముందుకు త్రోసిరి. అతడు కాన్సస్ సిటీలో పడినచో మహోమ్స్ అయి యుండెడివాడని మేము చెప్పము. కాని విత్తనమును నిందించుటకు ముందు నేలను, నీటిని కూడ చూడవలెనని చెప్పుదుము.

ఆటల విషయమున ఈ పరిహాసములు నిరపాయకరమైన వినోదము. ఆ యువకులు వేతనములు తీసికొనువారు, విమర్శకు సిద్ధపడి వచ్చినవారు. అదే అలవాటు మన యిండ్లలోనికి వచ్చినపుడు మాత్రము అపాయకరమగును. పరీక్షల ఫలితములు వెలువడిన దినమున మన వీధులలో జరుగునదేమి? ఎవరి పిల్లవానికి ఎన్ని మార్కులు, ఎవరు ఏ కోర్సు తీసికొన్నారు, ఎవరు దానికి తగరు, అని ప్రక్కయింటి ఎంపికలపై తీర్పులు వెలువడును. ఆ మాటలు పదునారేండ్ల పిల్లవాని చెవిని పడును. 199వ వాడను పేరు మోయు ధైర్యము అందరికి ఉండదు.

తల్లిదండ్రులు ఎంపిక చేయకుండ ఉండలేరు. ఏ పాఠశాల, ఏ చదువు, ఏ వృత్తి అనునది నిర్ణయింపవలసినదే. తెలిసినంతలో విచారించి నిర్ణయించుటయు, మితిమీరిన వెల పెట్టకుండుటయు వారి ధర్మము. అప్పుచేసి ఒక్క మెట్టు ముందు వంతు కొనుటకు పరుగిడువారు బేర్స్ కథను తలచుకొందురు గాక. నిర్ణయించిన పిమ్మట పిల్లవానికి నేర్చుకొనుటకు కాలమియ్యవలెను. ఇతరుల పిల్లల విషయమున తీర్పు చెప్పకుండుట అంతకంటె సులభమైన ధర్మము. డ్రాఫ్టు ముగిసిన మరునాడే పత్రికలు ప్రతి జట్టునకు మార్కులు వేయును. ఆ యువకులు అప్పటికి మైదానమున ఒక్క అడుగైనను పెట్టి యుండరు. మన పిల్లలకు మనము వేయు మార్కులలో ఎన్ని ఇట్టివో ఒకసారి ఆలోచించుకొనవలసినదిగా తల్లిదండ్రులను కోరుచున్నాము.